గాలికి దొరకని సైకిల్

పొద్దున్న ఏడున్నర. నెదర్లాండ్స్‌లోని ఫ్లేవోలాండ్ ప్రాంతం. కనుచూపు మేర చదునైన పొలాలు. వాటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగిపోయే రోడ్డు. ఆ రోడ్డు మీద కారులో ఆఫీసుకు వెళ్తున్నాయన కంటికి ముందుగా కనిపించేది ఓ చిన్న జెండా. దాని కింద, నేలకు అతుక్కుపోయినట్టుగా పసుపుపచ్చటి పొడుగాటి గుడ్డు లాంటిదేదో పరుగెడుతోంది. గుడ్డు పైన బొడిపెలా ఓ మనిషి తల!

కారు దానికి దగ్గరపడుతోంది, కానీ అనుకున్నంత తొందరగా కాదు. మామూలు సైకిలైతే ఈపాటికి దాటేసి మర్చిపోయి ఉండాలి. ఇదింకా ముందే ఉంది. అనుమానమొచ్చి స్పీడోమీటరు చూసుకుంటే.. యాభై దాటింది! ఆ గుడ్డుకేమో పొగ గొట్టం లేదు, ఇంజిన్ చప్పుడు లేదు, బ్యాటరీ కూడా లేదు. లోపల వెనక్కి వాలి పడుకున్న ఆ మనిషి రెండు కాళ్లే దానికి ఇంజిను.

దాన్ని వెలోమొబైల్ అంటారు. తేలిగ్గా చెప్పాలంటే ఒళ్లంతా కప్పుకున్న సైకిల్. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పడక కుర్చీలో వాలినట్టు పడుకుని కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. చుట్టూ ఫైబర్‌తోనో కార్బన్ ఫైబర్‌తోనో చేసిన పల్చటి డొప్ప. ముందువైపు నున్నగా గుండ్రంగా మొదలై, వెనక్కి వెళ్లేకొద్దీ చేప తోకలా సన్నబడిపోతుంది. బరువు పాతిక, ముప్ఫై కిలోల దాకా ఉంటుంది. మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు.

బొమ్మ కారులా కనిపించే ఈ బండి వెనక దాదాపు వందేళ్ల కథ ఉంది. అందులో ఓ తండ్రి ఉన్నాడు, ఓ రికార్డు ఉంది, ఆ రికార్డు గొంతు నొక్కేసిన ఓ నిబంధనా ఉంది. అన్నిటికన్నా ముందు.. గాలి ఉంది.

కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్లిన వాళ్లెవరికీ ఎదురుగాలి గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. వెళ్లేటప్పుడు రెక్కలొచ్చినట్టు ఉంటుంది. వచ్చేటప్పుడు ఎవరో వెనక క్యారియర్ పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. అసలు గాలి వీయకపోయినా సరే, మనం వేగంగా వెళ్తే ఎదురుగాలి పుట్టుకొస్తుంది. నిటారుగా కూర్చున్న మనిషి గాలికి ఓ తెరచాప లాంటివాడు. చదునైన రోడ్డు మీద గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో వెళ్లే మామూలు సైకిలిస్టు పడే శ్రమలో సుమారు ముప్పాతిక వంతు ఆ గాలిని పక్కకు నెట్టడానికే సరిపోతుంది. చైను, చక్రాలు, టైర్ల ఒరిపిడి అన్నీ కలిపినా మిగిలేది పావు వంతే!

ఇంతటితో అయిపోలేదు. వేగం రెట్టింపైతే గాలి కోసం పెట్టాల్సిన శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే ఎంత కండబలం ఉన్నా మామూలు సైకిల్ ఓ హద్దు దగ్గర మొరాయిస్తుంది. ఇరవై నుంచి ముప్ఫైకి వెళ్లడం కష్టం, ముప్ఫై నుంచి నలభై నరకం, ఆపైన పందెగాళ్ల వ్యవహారం.

మరి ఆ గాలికే దొరక్కుండా తప్పించుకుంటే? వెలోమొబైల్ చేసేది సరిగ్గా అదే. మనిషిని పడుకోబెట్టి ఎదురుగా కనిపించే ఒంటి వైశాల్యాన్ని తగ్గిస్తుంది. ఆ కాస్తనీ నున్నటి డొప్పలో దాచేస్తుంది. గాలి దాని మీదుగా జారిపోయి వెనక మళ్లీ మెల్లగా కలుసుకుంటుంది. లెక్క వేసి చూస్తే, నిటారుగా తొక్కే సైకిల్‌తో పోలిస్తే మంచి వెలోమొబైల్‌కు తగిలే గాలి పోటు పదో వంతే. పాత రోజుల్లో ఇళ్లలో వెలిగిన అరవై వాట్ల బల్బులు మూడింటిని వెలిగించేంత శక్తి.. అంటే నూటడెబ్బై, నూటఎనభై వాట్లు.. రోజూ తొక్కే అలవాటున్న మనిషి ఓ గంటపాటు ఇవ్వగలడు. ఆ శక్తితో మామూలు సైకిల్ మీద గంటకు పాతిక కిలోమీటర్లు వెళ్తే, వెలోమొబైల్‌లో యాభైకి అటూఇటూగా వెళ్లొచ్చు. కాళ్లు అవే, చెమట అదే. వేగం మాత్రం రెండింతలు!

సముద్రం అడుగున రోడ్డు

అయితే దానికో షరతుంది. రోడ్డు చదునుగా ఉండాలి. చదునుగా ఉంటే సరిపోదు, ఆగాల్సిన అవసరం లేకుండా కూడా ఉండాలి.

ఫ్లేవోలాండ్‌లో ఈ బండ్లు పుట్టి పెరగడానికి కారణం అదే. ఆ నేల అసలు నేలే కాదు, ఒకప్పుడు సముద్రం అడుగు. 1932లో డచ్చివాళ్లు 32 కిలోమీటర్ల పొడవైన అడ్డుకట్ట కట్టి జాయ్డర్ జే అనే సముద్రపు పాయను ఉత్తర సముద్రం నుంచి వేరు చేశారు. తర్వాత లోపలి నీటిని ముక్కలు ముక్కలుగా తోడేస్తూ పోయారు. తూర్పు ఫ్లేవోలాండ్ 1957లో బయటపడింది, దక్షిణ ఫ్లేవోలాండ్ 1968లో. ఇప్పటికీ అది సముద్ర మట్టానికి కొన్ని మీటర్ల కిందే ఉంటుంది. అక్కడ పాత ఊళ్లు లేవు, వంకర్లు తిరిగే పాత దారులూ లేవు. ఇంజినీర్లు కాగితం మీద గీసిన గీతలే రోడ్లయ్యాయి. ఎత్తు అంటూ ఎక్కాల్సి వస్తే అది వంతెనో, గట్టో.

అలాంటి చోట డ్రాంటెన్‌లో ఇల్లు, లెలీస్టాడ్‌లో ఉద్యోగం ఉన్న ఓ మనిషిని ఊహించుకుందాం. పాతిక కిలోమీటర్లలోపు దూరం. మామూలు సైకిల్‌పైన అయితే గంట. పోను గంట, రాను గంట అంటే ఏ ఉద్యోగికైనా నీరసమే. వెలోమొబైల్‌లో అది దాదాపు అరగంటకు దిగుతుంది. కారు కన్నా అయిదారు నిమిషాలు ఎక్కువేమో! అంతే తేడా. ఇది పందెగాళ్ల ఆటబొమ్మగా మిగిలిపోకుండా రోజువారీ బండి అయ్యింది ఆ అరగంట వల్లే.

పొద్దున్నే అతను షెడ్డు తలుపు తీసి, పైనున్న రంధ్రంలోంచి ఒక కాలూ ఇంకో కాలూ లోపలికి దించి, సీట్లోకి జారతాడు. చూడ్డానికి ఇరుకు పడవలోకి దిగుతున్నట్టు ఉంటుంది. టిఫిన్ డబ్బా, లాప్‌టాప్ సంచి సీటు పక్కన సందుల్లో సర్దేస్తాడు. కాళ్ల మధ్య నుంచి పైకి వచ్చే కర్ర లాంటిదే హ్యాండిల్. చైను పూర్తిగా లోపలే ఉంటుంది కాబట్టి ప్యాంటుకు మరకలు అంటవు, వానకు తుప్పు పట్టదు. తల చుట్టూ ఫోమ్ మూత బిగిస్తే వాన పడినా తడిసేది తలకాయే.

మొదటి కొన్ని వందల మీటర్లూ నిరాశపరుస్తాయి. మనిషి బరువుకు తోడు ముప్ఫై కిలోల డొప్ప. మామూలు సైకిల్ మీద స్కూలుకెళ్లే పిల్లలు సైతం దాటేస్తుంటారు! ఇరవై, పాతిక, ముప్ఫై.. గేర్లు ఒక్కొక్కటిగా మారుతుంటాయి. సరిగ్గా ఎక్కడైతే మామూలు సైకిల్ అలసిపోతుందో అక్కడ వెలోమొబైల్ ఊపందుకుంటుంది. ముప్ఫై అయిదు దాటాక కూడా కాళ్ల మీద బరువు పెరగదు. నలభై.. నలభై అయిదు.. కిలోమీటరు గడిచేసరికి ముల్లు యాభై దగ్గర నిలబడుతుంది. ఇక అక్కడి నుంచి ఆ వేగం నిలబెట్టుకోవడం మీద తప్ప మరి దేని మీదా శక్తి పెట్టక్కర్లేదు.

అందుకే వెలోమొబైల్ తొక్కేవాళ్లకు ఎర్ర లైటంటే ఒళ్లు మంట. ఆగిన ప్రతిసారీ కూడబెట్టుకున్న వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారి పోతుంది. మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. ఊళ్లో నాలుగు కూడళ్లు దాటేసరికి దీని గొప్పదనమంతా ఆవిరైపోతుంది. కొండ దారుల్లో అయితే మరీను. ఎక్కేటప్పుడు గాలి అడ్డు ఏమీ ఉండదు, బరువే మిగులుతుంది. పదో పదకొండో కిలోమీటర్ల వేగంతో ఈడ్చుకుంటూ పోవాల్సిందే. దిగేటప్పుడేమో ఎనభై దాటడం చిటికెలో పని. అప్పుడు బ్రేకులు ఎంతసేపు తట్టుకుంటాయన్నది ఇంకో భయం.

లోపల ఉన్న మనిషికి మాత్రం యాభై అంటే నూటయాభైలా ఉంటుంది. నేలకు జానెడు ఎత్తులో వీపు. చెవుల పక్కనుంచే దూసుకుపోయే తారు. రోడ్డు మీది ప్రతి చిన్న గతుకునూ పల్చటి డొప్ప డప్పులా మోగించి వినిపిస్తుంది. బయటివాళ్లకు చప్పుడు లేని బండి, లోపలివాడికి గోల బండి! ఇక వేడి. బయట మంచు కురుస్తున్నా లోపల సన్నటి బనీనుతో తొక్కేవాళ్లు మామూలే. మన రోహిణి కార్తెలో దీంట్లో కూర్చుంటే ఏమవుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. స్పీడ్ బ్రేకర్ల సంగతి సరేసరి, పొట్ట ఆనకుండా దాటడం అసాధ్యం.

ఎదురుగాలిని తప్పించుకున్నా పక్కగాలి వదలదు. ఫ్లేవోలాండ్‌లో ఎక్కడ చూసినా గాలిమరలే. అన్ని మరలు పెట్టారంటే గాలి ఏ స్థాయిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. చెట్ల వరస అయిపోయి ఖాళీ పొలం మొదలయ్యే చోట, పెద్ద లారీ దాటిపోయే క్షణాన డొప్ప ఒక్కసారిగా పక్కకు ఊగుతుంది. కొత్తవాళ్లకు గుండె జారిపోతుంది. అలవాటైనవాళ్లు ముందే కాసుకుని హ్యాండిల్‌ను గట్టిగా కాకుండా వదులుగా పట్టుకుంటారు. గట్టిగా పట్టుకుంటే ఊగుడు ఇంకా ఎక్కువవుతుంది మరి. విచిత్రమేమిటంటే, ఆకారం సరిగ్గా కుదిరిన డొప్పకు ఏటవాలుగా వీచే గాలి సాయం చేస్తుంది కూడా. పడవ తెరచాపలాగే కొంచెం ముందుకు తోస్తుంది.

గాలి కన్నా అసలైన ప్రమాదం మనుషుల అంచనాలతోనే. పక్క రోడ్డు నుంచి మలుపు తిరగబోయే కారు డ్రైవరు ఇటు చూస్తాడు. దూరంగా చిన్నదేదో వస్తోంది. సైకిలే కదా, చాలా టైముంది అనుకుంటాడు. పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగం అని అతని మనసు లెక్క కట్టేస్తుంది. వచ్చేది యాభైతో! కారు బానెట్ కన్నా కిందుగా ఉన్న మనిషి కళ్లను అతను చూడనే చూడడు. కాబట్టి వెలోమొబైల్ తొక్కేవాడు ప్రతి కూడలిలోనూ ఎదుటివాడు తనని చూడలేదనే అనుకోవాలి. జెండా, పగలు కూడా వెలిగే లైటు, కొట్టొచ్చే రంగు.. అన్నీ అందుకే. ఇంట్లోవాళ్లు ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి కానీ పంపరంటే ఆశ్చర్యం లేదు.

పోనీ సైకిళ్ల బాటలో పోదామా అంటే అక్కడ జతలు జతలుగా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లే స్కూలు పిల్లలు, కుక్కను పట్టుకుని తొక్కే పెద్దాయన. వాళ్ల మధ్య యాభైతో పోవడం తప్పు. కారు రోడ్డెక్కితే వెనకనుంచి హారన్లు. రెంటికీ చెడ్డ రేవడి అన్నమాట. డచ్ చట్టంలో దీనికో చిన్న వెసులుబాటుంది. వెడల్పు 75 సెంటీమీటర్లు దాటిన మూడు చక్రాల సైకిల్ కార్ల రోడ్డు మీద వెళ్లొచ్చు. డ్రాంటెన్‌లోనే తయారైన క్వెస్ట్ అనే పేరున్న వెలోమొబైల్ వెడల్పు ఎంతో తెలుసా? 75 కన్నా ఓ వేలెడు ఎక్కువ!

తల్లి భయం.. తండ్రి ఉపాయం

ఇదంతా మొన్నమొన్నటి తెలివి అనుకుంటే పొరపాటు. ప్యారిస్ పక్కనే ఉన్న ప్యుటో అనే చోట ఛార్లెస్ మొషే అనే ఆయన ఉండేవాడు. చిన్న చిన్న మోటారు కార్లు తయారు చేసేవాడు. 1920ల్లో ఆయన కొడుకు జార్జి సైకిల్ కావాలని పేచీ పెట్టాడు. సైకిలంటే పడిపోతాడు, వద్దంటే వద్దంది తల్లి. మధ్యలో తండ్రి ఓ ఉపాయం ఆలోచించాడు. పడిపోవడానికి వీల్లేకుండా నాలుగు చక్రాలతో, పెడళ్లతో నడిచే బుల్లి కారు చేసిచ్చాడు.

పిల్లాడు ఎగిరి గంతేశాడు. అంతవరకూ మామూలే. తమాషా ఏమిటంటే ఆ కారులో వాడు సైకిళ్ల మీద వచ్చే స్నేహితుల్ని ఇట్టే దాటేస్తున్నాడు! చూసినవాళ్లు తమకూ అలాంటిదే కావాలని అడగడం మొదలెట్టారు. మొషే మోటారు కార్లు పక్కన పెట్టి పెద్దవాళ్ల కోసం ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే బండి తయారు చేశాడు. దానికి వెలోకార్ అని పేరు పెట్టాడు. సొంత కారు కొనే తాహతు లేని కుటుంబాలకు అది బాగా నచ్చింది.

వెలోకార్‌కు ఒకటే లోపం. నాలుగు చక్రాలతో వేగంగా మలుపు తిరిగితే పక్కకు పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. మొషే దాన్ని నిలువునా సగానికి కోసినట్టుగా రెండు చక్రాల బండి చేశాడు. అదే పడుకుని తొక్కే సైకిల్. డొప్పా గిప్పా ఏమీ లేదు, వాలిన సీటు మాత్రమే. అది ఎంత వేగంగా పోతుందో లోకానికి చూపించాలనుకున్నాడు. పేరున్న పందెగాళ్లెవరూ పెద్దగా ఆసక్తి చూపలేదు. చివరికి ఫ్రాన్సిస్ ఫోర్ అనే రెండో శ్రేణి ఆటగాడు ఒప్పుకున్నాడు. ట్రాక్ మీద వీపు వాల్చి వచ్చిన అతన్ని చూసి జనం నవ్వారు. పోటీ మొదలయ్యాక వాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

1933 జులై 7న ప్యారిస్‌లో ఫోర్ గంటసేపు ఆగకుండా తొక్కాడు. 45 కిలోమీటర్ల 55 మీటర్లు! అంతకుముందు స్విట్జర్లాండ్‌కు చెందిన ఆస్కార్ ఎగ్ 1914లో నెలకొల్పిన రికార్డు 44 కిలోమీటర్ల 247 మీటర్లు. మహామహులు దాదాపు ఇరవయ్యేళ్లు ప్రయత్నించినా కదల్చలేకపోయిన రికార్డది. ఓ మామూలు ఆటగాడు పడుకుని తొక్కి దాన్ని బద్దలు కొట్టేశాడు.

ఇక చూడండి తగవు! గెలిచింది మనిషా, బండా? అసలు దాన్ని సైకిల్ అనొచ్చా? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తర్జనభర్జన పడింది. చివరికి పోటీల్లో వాడే సైకిల్ అంటే ఎలా ఉండాలో, పెడళ్లు సీటుకు ఎక్కడ ఉండాలో కొలతలు రాసేసింది. 1934 ఏప్రిల్ 1 నుంచి ఆ కొలతల్లో ఇమడని మొషే సైకిల్ పోటీలకు పనికిరాదు. ఫోర్ రికార్డూ లెక్కలోకి రాదు. నిబంధన పెట్టినవాళ్ల వాదనలో అసలు పస లేదని చెప్పలేం. పందెం మనుషుల మధ్య జరగాలనేది న్యాయమైన మాటే. కానీ దాని ఫలితం పందేలతో ఆగలేదు. పోటీల్లో కనిపించనిది దుకాణాల్లోకి రాలేదు. దుకాణాల్లో లేనిది వీధుల్లోకి రాలేదు. సైకిల్ అంటే ఇలాగే ఉంటుందని మూడు తరాలవాళ్లం గట్టిగా నమ్మేశాం.

మొషే అదే ఏడాది చనిపోయాడు. భార్య, కొడుకు జార్జి ఆ వ్యాపారం కొనసాగించారు. సైకిల్ వద్దన్న తల్లి, సైకిల్ అడిగిన పిల్లాడు! గుర్తింపు ఇవ్వకపోతే పోనీ అన్నట్టు 1939లో జార్జి ఆ బండికి గాలిని చీల్చే డొప్ప తొడిగాడు. తొక్కింది మళ్లీ ఫోరే. ఈసారి గంటలో 50 కిలోమీటర్లు దాటేశాడు. మామూలు సైకిల్ మీద ఆ గీత దాటడానికి ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో మోజర్‌కు 1984లో గానీ సాధ్యపడలేదు. అంటే 45 ఏళ్ల తర్వాత!

రెండో ప్రపంచయుద్ధం వచ్చి పెట్రోలు దొరక్కుండా పోయినప్పుడు ఫ్రాన్స్‌లో వెలోకార్లకు మళ్లీ గిరాకీ పెరిగింది. యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది. తొక్కడం ఎందుకన్నారు జనం. మొషేల కార్ఖానా కూడా బుల్లి మోటారు బళ్లకు మళ్లింది.

మళ్లీ కదలిక వచ్చింది 1970ల్లో. కాలిఫోర్నియాలో చెస్టర్ కైల్ అనే ప్రొఫెసర్ గాలి అడ్డు మీద ప్రయోగాలు చేస్తూ, ఏ ఆకారమైనా సరే, మనిషి బలంతో నడిస్తే చాలు అంటూ 1975లో పోటీలకు తెర తీశాడు. మరుసటి ఏడాదే ఇలాంటి వాహనాల కోసం ఓ అంతర్జాతీయ సంఘం పుట్టింది. 1980ల్లో డెన్మార్క్‌కు చెందిన ఇంజినీరు కార్ల్ గియోర్గ్ రాస్ముసెన్ లైత్రా పేరుతో రోజూ వాడుకునే బండి తయారు చేశాడు. 1990ల్లో డ్రాంటెన్‌లోని ఫ్లేవోబైక్ అనే సంస్థ అల్యూమినియం రేకులకు రివెట్లు కొట్టి అలెవేడర్‌ను తెచ్చింది. పేరుకు అర్థం ఏ వాతావరణంలోనైనా అని. విడి భాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవాళ్లు. 2000 ప్రాంతంలో అదే ఊళ్లో క్వెస్ట్ వచ్చాక, వెలోమొబైల్ అంటే నిజంగా వేగం అని అందరికీ తెలిసింది.

ఇప్పటికీ వీటిని చేసేది చిన్న చిన్న కార్ఖానాలే. చాలా భాగం పని చేతులతోనే. అందుకే ధర దగ్గరికి వచ్చేసరికి కళ్లు తిరుగుతాయి. మంచిది కొనాలంటే వేల యూరోలు పెట్టాలి, కొన్నిటికి పది వేలకు అటూఇటూ. మన డబ్బుల్లో ఓ కొత్త కారు ఖరీదు. దానికేమో ఇంజిన్ కూడా ఉంటుంది!

టేపు వేసి.. తోసి.. పట్టుకుని

చదునైన రోడ్డు మీద మనిషి కాళ్లకు హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలంటే అమెరికాలోని నెవాడా ఎడారికి వెళ్లాలి. బ్యాటిల్ మౌంటెన్ అనే చిన్న ఊరి పక్కన 305 నంబరు రోడ్డు. సముద్ర మట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తున గాలి పల్చన, అడ్డూ తక్కువే. 2000 నుంచి అక్కడ సెప్టెంబరులో పోటీలు జరుగుతున్నాయి. అక్కడికొచ్చేవి ఆఫీసుకెళ్లే బళ్లు కాదు. రెండు చక్రాల మీద నిలబడే బుల్లెట్లు. మనిషి లోపల పడుకున్నాక మూత పెట్టి సందులకు టేపు వేసేస్తారు. తనంతట తాను బయల్దేరలేడు, ఆగనూ లేడు. ఎవరో పట్టుకుని తోయాలి, చివర్లో ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకోవాలి!

ఎనిమిది కిలోమీటర్ల దూరం వేగం పెంచుకుంటూ పోతారు. చివరి 200 మీటర్లలో వేగాన్ని కొలుస్తారు. గాలి సెకనుకు 1.67 మీటర్లు దాటి వీస్తే ఆ రికార్డు చెల్లదు. అందుకే సాయంత్రం పొద్దువాలాక గాలి పడిపోయే క్షణం కోసం అందరూ కళ్లలో వత్తులేసుకుని చూస్తుంటారు.

2009లో కెనడాకు చెందిన సామ్ విటింగ్‌హామ్ అక్కడ 133.28 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. 2013లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విద్యార్థుల బండిలో సెబాస్టియాన్ బోవియర్ దాన్ని వెంట్రుకవాసిలో దాటాడు.. 133.78. 2016 సెప్టెంబరులో కెనడాకే చెందిన టాడ్ రైకెర్ట్ ఈటా అనే బండిలో 144.17 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లాడు. ఆ బండికి కిటికీ లేదు. అద్దం పెడితే ఆ అతుకు దగ్గర గాలి చెదురుతుందని, పైన కెమెరాలు పెట్టి లోపల తెర మీద రోడ్డును చూస్తూ తొక్కాడు. ఈ రైకెర్టూ, అతని మిత్రుడు కామెరాన్ రాబర్ట్‌సనూ అంతకు మూడేళ్ల ముందు, తొక్కితే ఎగిరే హెలికాప్టర్ చేసి సికోర్‌స్కీ బహుమతి గెలుచుకున్నవాళ్లే.

ఇది క్షణాల వ్యవహారం. ఓర్పు సంగతి చూడాలంటే జర్మనీ వెళ్లాలి. 2010లో క్రిస్టియాన్ ఫాన్ ఆషెబెర్గ్ అక్కడ మిలాన్ అనే వెలోమొబైల్‌లో 24 గంటల్లో 1,219 కిలోమీటర్లు తొక్కాడు. హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లి దాదాపు మళ్లీ హైదరాబాద్ చేరుకున్నంత దూరం. ఒక్క పగలూ ఒక్క రాత్రీ, కేవలం కాళ్లతో!

గంట రికార్డు తగవు మాత్రం ఇంకా అలాగే ఉంది. 1934 నాటి గీతను సమాఖ్య చెరపలేదు. దాని పుస్తకంలో 2022 అక్టోబరులో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా గంటలో తొక్కిన దూరం 56.792 కిలోమీటర్లు. ఆ పుస్తకంలో చోటు లేని స్విట్జర్లాండ్ మనిషి ఫ్రాంచెస్కో రుసో 2016 జూన్‌లో జర్మనీలోని ట్రాక్ మీద, పూర్తిగా మూసిన బండిలో గంటకు తొక్కింది 92 కిలోమీటర్లకు పైనే.

డ్రాంటెన్ ఉద్యోగికి ఈ అంకెలతో పని లేదు. లెలీస్టాడ్‌లో ఆఫీసు ముందు బండి ఆపి, తల చుట్టూ ఉన్న మూత విప్పి, చేతులు రెండు పక్కలా ఆన్చి పైకి లేస్తాడు. చొక్కా మార్చుకోవాలి. అటుగా వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి వంగి లోపలికి చూస్తారు, ఇంజిన్ ఎక్కడుందని. రోజూ ఉండేదే. అతను కిందికి చూపిస్తాడు, తన మోకాళ్ల వైపు.

సాయంత్రానికి గాలి తూర్పుకు తిరిగింది. ఇంటికి వెళ్లేటప్పుడు ఎదురుగాలే. దారి పొడవునా మరలన్నీ అతను వెళ్లే వైపే మొహం తిప్పుకుని నిలబడ్డాయి. మామూలు సైకిలైతే ఈ గాలికి పదిహేను నిమిషాలో, ఇరవయ్యో ఎక్కువ పడుతుంది. అతనికి పట్టేది నాలుగయిదు నిమిషాలు.